'మాకొద్దీ'లో 'మా' ఎవరు?

మొన్న ఆగస్టు పదిహేనున మా అన్నవరం చుట్టుపక్కల ఒక బళ్ళో జెండా ఎగరేశారు. మా పేట పిల్ల పాట పాడుతోందంటే నేనూ వెళ్ళాను. ఎనిమిదో తరగతి చదువుతోంది. మంచి గొంతు. గరిమెళ్ళ సత్యనారాయణ రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' ఎత్తుకుంది. మైకు ముందు నిలబడి ఎక్కడా తడబడకుండా చివరిదాకా పాడింది. ఊరి పెద్దలంతా చప్పట్లు కొట్టేరు. నేనూ కొట్టాను. కొట్టాలి కూడా. అది చప్పట్లకు తగ్గ పాటే.

ఇంటికి నడిచొస్తూ పిల్లనడిగాను. "అమ్మలూ, ఈ పాటకి తోడబుట్టిన పాట ఇంకోటుంది. ఎప్పుడన్నా విన్నావా?"

"లేదు మావయ్యా."

"దాని పేరు 'మాకొద్దీ నల్లదొరతనము'. రాసినాయన మన రాజమండ్రి ఆయనే. మన పేటలాంటి పేటలోనే పుట్టేడు. కుసుమ ధర్మన్న అంటారు."

పిల్ల రోడ్డు మీదే ఆగిపోయింది. "మరి మాకెవరూ చెప్పలేదేం?"

నేనేం చెప్పను? మర్నాడు పాట నేర్పిన మాస్టారిని కలిసి అదే మాట అడిగాను. మంచాయనే. మన పిల్లలంటే ప్రేమగా ఉంటారు. "ఆయ్, విన్నానండి. గరిమెళ్ళవారి పాటకి పేరడీ కదండీ అది" అన్నారు. అంతే. వందేళ్ళ పాటని ఒక్క మాటతో మడతపెట్టి పక్కన పెట్టేశారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయనకి చదువు చెప్పినవాళ్ళు ఆయనకి అలాగే చెప్పేరు. నేను రాసేది ఆయన మీద కాదు. ఆ 'పేరడీ' అన్న మాట మీద.

ఒకే ఏడు, రెండు పాటలు

1921 నాటి మాట. సహాయ నిరాకరణ ఊళ్ళని ఊపేస్తోంది. చీరాల పేరాలలో మునిసిపల్ పన్నుకి ఎదురుతిరిగిన జనం ఊరు ఖాళీచేసి బయట పాకలేసుకున్నది ఆ ఏడే. గాంధీ ఆంధ్ర దేశంలో తిరిగిందీ ఆ ఏడే. అప్పుడే శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన గరిమెళ్ళ పాట ఊరూరా పాకింది. పంటలు పండుతున్నా కడుపు నిండటం లేదన్నాడు. ఉప్పు మీద కూడా సర్కారు ఆంక్ష ఏమిటన్నాడు. చదువురాని వాడికి కూడా అర్థమయ్యే మాటల్లో చెప్పేడు. 1922లో సర్కారు ఆయన్ని జైల్లో పెట్టింది. పాటకి జడిసి మనిషిని జైల్లో వేశారంటే ఆ పాట బలం ఎంతో చూడండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రి లక్ష్మీవారపుపేటలో పుట్టిన కుసుమ ధర్మన్న కలం పట్టేడు. ఆయన వైద్యం చేసేవాడు. రోగం ఎక్కడుందో నాడి పట్టి చెప్పడం ఆయన వృత్తి. తర్వాతి రోజుల్లో 'జయభేరి' అనే పత్రిక నడిపేడు. 'హరిజన శతకం' రాశాడు. అంబేద్కర్ బాటలో మన జనాన్ని కూడగట్టేడు. అవన్నీ తర్వాత. మొదట రాసింది ఈ పాట. 1921లోనే రాశాడు. దేశమంతా 'తెల్లదొరతనం వద్దు' అంటున్న రోజుల్లో 'నల్లదొరతనం కూడా వద్దు' అన్నాడు.

చూడండి, ఆయన మార్చింది ఒక్క మాట. 'తెల్ల' తీసి 'నల్ల' పెట్టేడు. 'మాకొద్దీ' అన్నది అలాగే ఉంచేడు. అసలు పట్టు అక్కడుంది. ఎందుకంటే మారింది 'తెల్ల' ఒక్కటే కాదు. ఉంచేసిన 'మా' కూడా మారిపోయింది.

మొదటి పాటలో 'మా' అంటే ఎవరు? దేశంలో అందరూ అని చెప్పుకున్నారు. కామందూ, కరణం, మునసబూ, పూజారీ, పాలేరూ అందరం ఒకే 'మా' అనుకున్నారు. ధర్మన్న లేచి నిలబడి అడిగేడు: ఆ 'మా'లో మేం ఉన్నామా? ఉంటే ఊరి బావి దగ్గర ఎందుకు లేం? గుళ్ళో ఎందుకు లేం? బళ్ళో బల్ల మీద ఎందుకు లేం? పొలంలో పనికి మాత్రం 'మనం' అంటారు, పంట ఇంటికెళ్ళేక 'మీరు' అంటారు. ఇదేం లెక్క?

పాలేరు బతుకూ, చాలీచాలని కూలీ, అంటరానితనం, ఈ మూడే ఆ పాటకి ముడిసరుకు. ఏడాది పొడుగునా కామందు ఇంట చాకిరీ. తెల్లారకముందే పశువుల పాక, పొద్దుగూకేదాకా పొలం. ఆడమనిషి వాళ్ళ దొడ్డి ఊడ్చాలి. పిల్లోడు వాళ్ళ దూడల్ని కాయాలి. మగాడి పేరు మీద జీతం రాస్తారు, ఇంటిల్లిపాదీ కట్టుబడి ఉంటారు. పండక్కో పెళ్ళికో నాలుగు కుంచాలు అప్పు తెస్తే ఆ అప్పు తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. ఈ బతుకుని మన తాతలు బతికేరు. పెద్దవాళ్ళనడగండి, కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా మన అరుగుల మీద ఉన్నారు. వెట్టి చాకిరీని రద్దుచేస్తూ చట్టం వచ్చింది 1976లో. అంటే ధర్మన్న పాట రాసిన యాభై అయిదేళ్ళకి.

ఉప్పు సంగతే తీసుకోండి. తెల్లవాడి సర్కారు ఉప్పు తీయొద్దంది. అన్యాయమే. దేశం లేచి నిలబడింది. మరి మనం ముట్టుకుంటే మైలపడిపోయేవి ఉప్పొక్కటేనా? చేద, బిందె, అరుగు, గడప, ఆఖరికి మన నీడ. దానికి ఎవరు లేచి నిలబడ్డారు?

నీళ్ళు తెచ్చిన దొర, నీళ్ళు పట్టుకున్న దొర

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ పాట ఇంకా బాగా అర్థం కావాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది. ఇప్పటికీ మే 15న ఆయన పుట్టినరోజుకి విగ్రహాలకి దండలేస్తారు. తెల్లదొరతనం వద్దన్న చోటే ఒక తెల్లదొరని ఇంతలా కొలుస్తారు. నాకు దానిమీద తగువు లేదు. నీళ్ళిచ్చినవాడిని తలుచుకోవడం తప్పెలా అవుతుంది? కానీ మనం అడగాల్సింది అది కాదు. మట్టి మోసింది ఎవరు? కాలవలు తవ్విందీ, ఏటా పూడిక తీసిందీ ఎవరు? ఆ నీళ్ళు పారిన భూమి ఎవరి పేరు మీదుంది?

తెల్లదొర తెచ్చిన నీళ్ళు నల్లదొర పొలానికెళ్ళేయి. ఎకరం విలువ పెరిగింది, పాలేరు కుంచం పెరగలేదు. మెరక ప్రాంతం నుంచి మా తాతలు నాట్లకీ కోతలకీ పల్లానికి వలస వెళ్ళేవారు. గట్టు మీద నిలబడి చూస్తే కంటికి ఆనినంత మేర పచ్చదనం. అందులో కాలు పెట్టేది మనమే. కాలు కడుక్కుని ఇంటికొచ్చేస్తే మనకి మిగిలేది కాళ్ళ పగుళ్ళే. ధర్మన్న రాజమండ్రిలో ఉండి, ఆ ఆనకట్టకి కూతవేటు దూరంలో ఉండి, ఇది చూశాడు. అందుకే ఆయనకి దొర రంగు కాదు కనిపించింది, దొరతనం కనిపించింది.

'నల్ల' అన్నాడంటే ఒంటి రంగుని తిట్టేడని అనుకోకండి. మనమూ నల్లనివాళ్ళమే. మన నలుపు ఎండలో పనిచేసిన నలుపు. ఆయన 'నల్లదొర' అన్నది ఇంగ్లాండు నుంచి కాకుండా మన ఊళ్ళోనే పుట్టి మన నెత్తినెక్కిన దొరని.

మా అన్నవరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా రత్నగిరి కొండ మీద రోజూ వందల జంటలు సత్యనారాయణ వ్రతం చేసుకుంటాయి. ఆ కథ మీకందరికీ తెలుసు. అందులో కట్టెలమ్ముకునేవాడికి స్వామి దయ దొరుకుతుంది. గొల్లలు పెట్టిన ప్రసాదం చిన్నచూపు చూసి వదిలేసినందుకు తుంగధ్వజుడనే రాజు కొడుకుల్నీ సిరినీ పోగొట్టుకుంటాడు. కథ అలా ఉంది. మరి ధర్మన్న ఆ పాట రాసిన నాడు మన జనం గుడి మెట్లెక్కడానికి చట్టం ఉందా? లేదు. మద్రాసు రాష్ట్రంలో మన ఆలయ ప్రవేశానికి పూర్తి చట్టం వచ్చింది 1947లో. కథలో రాజుకి శిక్ష పడింది. ఊళ్ళో రాజులకి ఎవరూ శిక్ష వేయలేదు.

పేరడీ అంటే ఏమిటి?

ఇప్పుడు మాస్టారి మాటకొద్దాం. పేరడీ అంటే నవ్వించడానికి కట్టేది. ఒకరి పాటని వంకరగా పాడి వెక్కిరించేది. ధర్మన్న ఎవర్ని వెక్కిరించేడు? గరిమెళ్ళనా? కాదు. పాలేరు కష్టం చెప్పడంలో నవ్వేముంది? ఒక పాట సగం నిజం చెప్పి ఆగింది. మిగతా సగం ఇంకో పాట చెప్పింది. దీన్ని పేరడీ అంటారా, పూరణ అంటారా?

జనం నోట నానిన వరసని పట్టుకుని కొత్త మాట చెప్పడం ఉద్యమాల పాత పద్ధతి. అమెరికాలో జో హిల్ అనే కార్మికుడుండేవాడు. వీధుల్లో మతప్రచారకులు పాడే కీర్తనలు జనానికి నోటికొచ్చు. ఆ వరసలే తీసుకుని ఆయన కూలీ పాటలు కట్టేడు. చచ్చేక స్వర్గంలో రొట్టె దొరుకుతుందని చెప్పేవాళ్ళ మీద 1911లో కట్టిన పాట అలాంటిదే. వరస అందరికీ తెలుసు కాబట్టి మాట ఒక్కరోజులో పాకింది. 1915లో ఆయన్ని కాల్చి చంపేరు. ఆ పాటల్ని ఎవరూ పేరడీలని పక్కన పెట్టలేదు. కార్మికుల పాటల పుస్తకాల్లో ముందు వరసలో ఉంచేరు.

అంత దూరం ఎందుకు? మన నాట్లమ్మల్ని చూడండి. పెళ్ళిపాట వరసలో కామందు పిసినారితనం పాడతారు. దేవుడి పాట వరసలో కూలి రేటు అడుగుతారు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాయన వింటూనే ఉంటాడు, కోపం తెచ్చుకోలేడు. ధర్మన్న చేసింది మన అమ్మలు పొలంలో రోజూ చేసే పనే. వరస అందరిదీ. అందులో పోసిన దుఃఖం మాత్రం మనది.

ఇంకో మాట. వరస చూసి 'అనుకరణ' అన్నవాళ్ళు ఏళ్ళు లెక్క చూడలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మన సభ జరిగింది. మేం పంచములం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అని అక్కడ చాటేరు. 1920 జనవరిలో అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టేరు. 1921లో ధర్మన్న పాట. మహద్ చెరువు నీళ్ళ పోరాటం 1927లో. రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్ వెళ్ళింది 1930లో. అంటే మహద్‌కి ఆరేళ్ళు ముందే, లండన్ సభకి తొమ్మిదేళ్ళు ముందే, రాజమండ్రి పేటలోంచి ఒక గొంతు ఈ ప్రశ్న అడిగేసింది. ఇది ఎవరి వెనకో నడిచిన పాట కాదు. ముందు నడిచిన పాట. ఆ తర్వాత 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. మన మామిడికుదురు బిడ్డ బోయి భీమన్న 'పాలేరు' నాటకం వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. గద్దర్ గొంతు వచ్చింది. ఈ పెద్ద కాలవకి తలతూము దగ్గర నిలబడ్డవాళ్ళలో ధర్మన్న ఒకడు. కాలవని పొగుడుతాం, తూముని మరిచిపోతాం.

వాళ్ళ అభ్యంతరాలు

ఈ పాట మాటెత్తగానే రెండు అభ్యంతరాలొస్తాయి. రెండింటికీ జవాబు చెప్పుకోవాలి. చాటుమాటుగా వదిలేస్తే మన పిల్లల్లో అనుమానం మిగిలిపోతుంది.

మొదటిది: "తెల్లవాడితో పోరాడే టైములో ఇంట్లో తగువు ఎందుకు పెట్టేరు? ముందు స్వరాజ్యం రానిచ్చి తర్వాత అడగొచ్చుగా?"

తర్వాత అంటే ఎప్పుడు? అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ అని బానిసగా పుట్టి తప్పించుకుని పెద్ద వక్త అయినాయన ఉన్నాడు. 1852లో రోచెస్టర్ అనే ఊళ్ళో స్వాతంత్ర్య దినోత్సవానికి మాట్లాడమని పిలిచేరు. ఆయన వాళ్ళ మొహం మీదే అడిగేడు, బానిసకి మీ పండగతో ఏం సంబంధం అని. వాళ్ళకి స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865లో. 'తర్వాత చూద్దాం' అన్నదాని ఖరీదు అది. ధర్మన్న తర్వాత అడుగుదామని ఆగలేదు. స్వరాజ్యం రాకముందే అడగబట్టే, అంబేద్కర్‌లాంటి వాళ్ళు పట్టుబట్టబట్టే, అంటరానితనం రద్దన్నది పదిహేడో అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కింది. అడగకపోతే ఆ ఒక్క లైనూ ఉండేది కాదు.

రెండోది: "అంటే తెల్లవాడే ఉండాలన్నాడా? బ్రిటిష్ వాళ్ళ పక్షమా?"

పాట పేరు మళ్ళీ చదవండి. నల్లదొరతనం వద్దన్నాడు. తెల్లదొరతనం కావాలన్నాడా? దొరతనమే వద్దన్నాడు. దొరలో రంగు తీసేస్తే మిగిలేది దొరతనం. అది పోవాలన్నాడు. లండన్ సభలో అంబేద్కర్ కూడా బ్రిటిష్ సర్కారుని మెచ్చుకోలేదు. మీ పాలనలో మా అంటరానితనం ఏం తగ్గిందని నిలదీశారు. ఇద్దరు దొరల మధ్య ఒకర్ని ఎంచుకోమంటే, మాకు ఇద్దరూ వద్దు అనడం దేశద్రోహమా? అసలు స్వాతంత్ర్యం మీద ఎవరికి ఎక్కువ ఆశ ఉన్నట్టు? దొర మారితే చాలన్నవాడికా, దొరే ఉండకూడదన్నవాడికా?

గరిమెళ్ళ మీద కూడా మనకి కోపం ఉండకూడదు. ఆయన పాట పాడి జైలుకెళ్ళినవాడు. స్వాతంత్ర్యం వచ్చేక ఆయన్నీ పట్టించుకోలేదు. 1952లో మద్రాసులో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన పాట పాడుకుని గద్దెనెక్కినవాళ్ళు ఆయనకి కూడు పెట్టలేదు. ఒక విధంగా చూస్తే ధర్మన్న చెప్పిన నల్లదొరతనం గరిమెళ్ళని కూడా తినేసింది. ఈ రెండు పాటలకీ పోట్లాట లేదు. రెండూ పక్కపక్కన నిలబడాలి. మన ఫిర్యాదల్లా ఒక పాటని వేదిక మీద కూర్చోబెట్టి, రెండోదాన్ని గుమ్మం బయట నిలబెట్టేరనే. పాటకి కూడా పేట కట్టేరనే.

పాట తీరిపోయిందా?

కొందరు మన కుర్రాళ్ళే అంటున్నారు. "అదంతా పాతకాలం బాబాయ్. ఇప్పుడెక్కడి దొరలు?"

1985 జులై 17న కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ళ చెరువు దగ్గర. నీళ్ళు పాడుచేయొద్దని అడిగినందుకు ఆరుగురిని చంపేరు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపేరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చంపినవాళ్ళెవరూ ఇంగ్లాండు నుంచి రాలేదు.

అదీ పాతదే అంటారా? 2022 మే 24న అమలాపురం చూడండి. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు కలుపుతున్నారన్నందుకు ఇళ్ళు తగలబెట్టేరు. మంత్రి ఇల్లు కూడా కాలింది. రాజ్యాంగం రాసినాయన పేరు జిల్లా బోర్డు మీద ఉంటే ఓర్చుకోలేకపోయేరు. ధర్మన్న పాటకి అప్పటికి నూటొక్క ఏళ్ళు. జరిగింది మన డెల్టాలోనే. ఆ రాత్రి టీవీ చూస్తూ నేను ఆ పాట గురించే ఆలోచించాను.

ఇంత మంట లేకుండా చల్లగా సాగే దొరతనం ఇంకోటుంది. మన పేటల్లో ఇవాళ పాలేర్లు తగ్గేరు, కౌలుదార్లు పెరిగేరు. అప్పు మనది, చాకిరీ మనది, తుపాను నష్టం మనది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చేరు. కార్డుంటే బ్యాంకు అప్పు వస్తుంది, పంట నష్టం వస్తుంది అన్నారు. బాగానే ఉంది. కానీ ఆ పదకొండు నెలల కార్డు రావాలంటే ఆసామి సంతకం చేయాలి. మనవాడు పొద్దున్నే ఆ గుమ్మం ముందుకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడాలి. "చూద్దాంలేరా" అంటాడు ఆసామి. చట్టం వచ్చినా గుమ్మం మారలేదు. ఆ 'రా' మారలేదు.

కాబట్టి పాట తీరిపోలేదు.

మన తప్పు కూడా ఉంది

ఇంతవరకూ వాళ్ళ తప్పులు చెప్పాను. మనది కూడా చెప్పుకోకపోతే ఇది నిజాయితీ లేని వ్యాసం అవుతుంది.

బడి పుస్తకాలు మనకి చెప్పలేదు, సరే. మనం మన పిల్లలకి చెప్పేమా? ఏప్రిల్ 14కి మన పేటలో డీజే పెడతాం. సినిమా పాటకి గంతులేస్తాం. విగ్రహానికి వేల రూపాయల దండ వేస్తాం. నా ఎరికలో మా చుట్టుపక్కల పేటల్లో ఆ రోజు ధర్మన్న పాట పాడించింది ఒక్కసారీ లేదు. నేను కూడా కమిటీల్లో ఉన్నవాణ్ణే. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. 1990ల్లో మన రచయితలు పాత కాగితాలు వెతికి, ధర్మన్నలాంటి వాళ్ళని మళ్ళీ వెలుగులోకి తెచ్చేరు. యూనివర్సిటీల్లో వాళ్ళ మీద పరిశోధనలు జరిగేయి. సంతోషం. కానీ పాట యూనివర్సిటీలో బతకదు. పాట నోట్లో బతుకుతుంది. నోరు తెరవాల్సింది మనం.

రెండో తప్పు ఇంకా పెద్దది. 'మా'లో మేం ఉన్నామా అని ధర్మన్న ఊరినడిగేడు. అదే ప్రశ్న ఇవాళ మన పేటలోకి కూడా వచ్చింది. 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు మాదిగ అన్నదమ్ములు అడిగింది ఏమిటి? దళితులం 'మేం' అంటున్నారే, ఆ 'మేం'లో మా వాటా ఎంత అని. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద మన మధ్య వాదాలుండొచ్చు. కానీ ప్రశ్నే అడగొద్దనడానికి మనకి నోరెలా వస్తుంది? ధర్మన్న పాట పాడే హక్కు కావాలంటే, ఆ పాట మన వైపు తిరిగినప్పుడు వినే ఓర్పు కూడా ఉండాలి.

ఇంట్లో ఆడమనిషి సంగతి? రోజంతా నాట్లేసి వంగిపోయిన నడుంతో ఇంటికొస్తే, అరుగు మీద కూర్చుని "మంచినీళ్ళు తే" అని కేకేసేవాడు ఏ దొర? వాడి రంగేమిటి? కమిటీ మీటింగు పెడతాం, ఆడవాళ్ళని టీ పెట్టమంటాం. ధర్మన్న ఒక్క మాట మార్చి దేశాన్ని అడిగేడు. మన ఆడపిల్లలు ఇంకో మాట మార్చి మనల్ని అడిగే రోజొస్తుంది. అప్పుడు 'పేరడీ' అని నవ్వేయకుండా ఉంటే చాలు.

చేయాల్సిన పని

పెద్ద పనులేం చెప్పడం లేదు. చేతిలో ఉన్నవే చెబుతున్నాను.

ప్రతి పేటలో ఒక పిల్లకీ ఒక పిల్లాడికీ ధర్మన్న పాట నేర్పండి. కాయితం మీద రాయించి నోటికి పట్టించండి. గరిమెళ్ళ పాట కూడా నేర్పండి. రెండూ వరసగా పాడించండి. విన్నవాడికి తేడా మనం చెప్పక్కర్లేదు, వాడికే తెలుస్తుంది.

బడి కమిటీల్లో మన తల్లిదండ్రులున్నారు. మాస్టార్లతో మర్యాదగానే మాట్లాడండి. తగువు పెట్టుకోవద్దు. ఈ పాట కూడా స్వాతంత్ర్య పోరాటంలో పాటే అని చెప్పండి, 1921 అని ఏడు చెప్పండి, రాజమండ్రి అని ఊరు చెప్పండి. మన జిల్లాల కవి పాట మన జిల్లాల బడుల్లో పాడటానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

మూడోది, అన్నిటికంటే తొందరగా చేయాల్సింది. ధర్మన్న చదువుకున్నవాడు కాబట్టి ఆయన పాట అచ్చులో మిగిలింది. అచ్చెక్కని పాటలు మన అమ్మమ్మల నోట్లో ఉన్నాయి. పాలేరు పాటలు, నాట్ల పాటలు, వలసెళ్ళినప్పటి పాటలు. ఏటా ఒకరిద్దరు ముసలమ్మలు వెళ్ళిపోతున్నారు. వాళ్ళతో పాటే అవీ పోతున్నాయి. ప్రతి కుర్రాడి జేబులోనూ ఫోనుంది. అమ్మమ్మ పక్కన కూర్చుని పాడించి ఎక్కించండి. ఒక పాటని వాళ్ళు మరిచిపోయేలా చేశారు. మిగతావాటిని మన చేజేతులా మరిచిపోవద్దు.

చివరగా ఆ పిల్ల సంగతి. నా దగ్గరున్న పాట నోటుబుక్కులో ఎక్కించుకుంది. రెండు సాయంత్రాల్లో వరస పట్టేసింది. నిన్న వచ్చి, "మావయ్యా, జనవరి ఇరవయ్యారుకి ఇదే పాడతాను. మాస్టారినడుగుతావా?" అంది. ఆ రోజు జెండా పండగే కాదు, రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజు కూడా. అంతకంటే తగిన రోజు ఏముంది? అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పెద్దలంతా వస్తారు కదండీ... చూద్దామండి" అన్నారు.

'పేరడీ' దగ్గర్నుంచి 'చూద్దాం' దాకా వచ్చేం. మాస్టారి పక్కన నిలబడి ధైర్యం చెప్పడం మన పని. ఆ రోజు బడికి మన పేట మొత్తం కదిలి రావాలి. పిల్ల మైకు ముందు నిలబడి 'మాకొద్దీ' అని ఎత్తుకున్నప్పుడు, ఆ 'మా'లో మనం ఎంతమందిమి ఉన్నామో ఊరు చూడాలి.

– అన్నవరం నుంచి ఒక కార్యకర్త